బుధవారం ఓడినవాళ్ళే చేపలు తోమాలి

అరసవల్లిలో మేము అద్దెకుంటున్న ఇంట్లో వారానికి ఒక్క రోజే చేపలు వండుకోవచ్చు. ఆదివారం సూర్యభగవానుడిది. గుడికి కూతవేటు దూరంలో ఇల్లు. ఆ రోజు నీచు వాసన వచ్చిందంటే పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరుగారు మెట్లు దిగి వచ్చేస్తారు. సోమవారం శివుడిది, మంగళవారం ఆంజనేయుడిది, గురువారం బాబాది, శుక్రవారం అమ్మవారిది, శనివారం వెంకన్నది. ఏ దేవుడూ పట్టించుకోకుండా మిగిలిపోయింది బుధవారం ఒక్కటే. నా పరువు పోయింది ఆ బుధవారాల్లోనే. అదీ ఒకసారి కాదు, వరసగా పందొమ్మిది వారాలు.

మాది గరివిడి దగ్గర పల్లె. వరి, నువ్వులు, పెసలు పండించుకునే ఇల్లు. మా ఇంట్లో మగవాళ్ళకి చేప అంటే పళ్ళెంలో పులుసుతో సహా ఎదురయ్యేదే తప్ప, దానికి పొలుసులూ మొప్పలూ పేగులూ ఉంటాయన్న సంగతి ఎవరూ పెద్దగా ఆలోచించరు. నా భార్యది సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ళ నాన్న వేటకి వెళ్తాడు, అమ్మ ఆ చేపల్ని గంపకెత్తుకుని శ్రీకాకుళం వీధుల్లో అమ్ముతుంది. మేమిద్దరం ఇంజనీరింగులో ఒకే తరగతి, ఒకరినొకరం ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. ఇప్పుడు ఆవిడ బ్యాంకులో ఆఫీసరు, నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా.

కాపురానికి వస్తూ ఆవిడ రెండు సూట్‌కేసులు, ఒక వీడియో గేమ్ మెషీను తెచ్చుకుంది. కాలేజీలో అమ్మాయిల హాస్టల్‌లో నాలుగేళ్ళపాటు ఆడి అరగదీసిన మెషీను అది. అందులో ఒకటే ఆట. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడం. రెండు రౌండ్లు ఎవరు గెలిస్తే వాళ్ళది పైచెయ్యి.

అత్త ప్రతి బుధవారం అమ్మకం అయ్యాక, తన దగ్గరున్న తాళంచెవితో మా తలుపు తీసి, మాకని పక్కన పెట్టిన చేపలు ఫ్రిజ్‌లో పెట్టి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయేది. మొదటి బుధవారం కానాగంతలు పెట్టింది. సాయంత్రం ఇద్దరం ఫ్రిజ్ తలుపు తీశాం. నా భార్య వాటి వంకా, అవి నా భార్య వంకా కాసేపు చూసుకున్నాయి.

“ఒక పందెం ఏద్దామా మావా? ఆటలో ఓడినోళ్ళు సేపలు తోమాల” అంది.

నాకు ముచ్చటేసింది. పుట్టింది మొదలు చేపల మధ్యే పెరిగిన పిల్ల, మొగుడితో సరదాకి అలా అంటోంది అనుకున్నాను. ఎలాగూ నేనే గెలుస్తాను, ఆవిడ తోముతుంటే పక్కన నిలబడి కబుర్లు చెప్పొచ్చు అనుకున్నాను. చిన్నప్పుడు చీపురుపల్లిలో అద్దె గేమ్‌లు ఆడిన చెయ్యి నాది.

నిమిషన్నరలో అయిపోయింది. ఆవిడ ఎప్పుడూ ఒక బక్కపలచని గడ్డం ముసలాయన్ని తీసుకునేది. నేను కండలు తిరిగిన వస్తాదుని. నా పద్ధతల్లా ఉన్న బటన్లన్నీ ఒకేసారి నొక్కడం. వస్తాదు గాలిని కసిదీరా గుద్దేవాడు. ముసలాయన దూరంగా నిలబడి గడ్డం నిమురుకునేవాడు. నా గుద్దులు అయిపోయాక ముందుకొచ్చి ఒక్క తన్ను తన్నేవాడు. నేను కాస్త దగ్గరికి వెళ్తే నా నెత్తి మీంచి దూకి వెనక దిగి మరీ తన్నేవాడు.

ఆ రోజు కానాగంత నా చేతిలోంచి సింకులోకి, సింకులోంచి నేల మీదికి, అక్కడి నుంచి స్టవ్ కిందికి జారింది. దాన్ని బయటికి తియ్యడానికి చీపురు కావాల్సి వచ్చింది. నా భార్య గుమ్మంలో నిలబడి “బాగా తోము మావా, ఇసక తగలకూడదు” అని సలహా ఇచ్చింది. తను మాత్రం లోపలికి రాలేదు.

నాలుగు వారాలు వరసగా ఓడాక నాకు పట్టుదల వచ్చింది. నా విషయంలో పట్టుదల అంటే కోపమే. ఫోన్‌లో వీడియోలు చూశాను. ఒకతను గుక్క తిప్పుకోకుండా ఇరవై నాలుగు దెబ్బలు వరసగా ఎలా కొట్టాలో చెప్తున్నాడు. అవన్నీ ఆఫీసు నోట్‌బుక్‌లో రాసుకుని ఎక్కాలు వల్లించినట్టు వల్లించాను. పోరు మొదలయ్యాక నాలుగో బటన్ ఏమిటో గుర్తు తెచ్చుకునేలోపు ముసలాయన నా పని ముగించేసేవాడు. ఓడిన కసి మీద చేపలు తోమేసి, వెంటనే కూర్చుని రెండు గంటలు ఆడేవాణ్ణి. తప్పుని రెండు గంటలు సాధన చేస్తే వచ్చేది తప్పేనని నాకు అప్పటికి తెలియదు.

బొటనవేలు బొబ్బ కట్టింది. వస్తాదు చేత పెద్ద గుద్దు గుద్దించాలంటే బొటనవేలితో కింద నుంచి ముందుకి పావు చక్రం తిప్పి బటన్ నొక్కాలి. అది అలవాటు కావాలని ఆఫీసులో ఫైళ్ళ మీద కూడా వేలు తిప్పుతూ ఉండేవాణ్ణి. మా అటెండరు రెండు రోజులు గమనించి, మూడో రోజు దగ్గరికొచ్చి, “బాబూ, మా బావకీ ఇలగే వచ్చినాది. నరాలు. నువ్వుల నూనె మరిగించి రాయండి” అన్నాడు. రాశాను కూడా.

పద్నాలుగో వారం అత్తకి బస్సు తప్పిపోయింది. మేము వచ్చేసరికి గుమ్మంలో గంప పక్కన కూర్చుని ఉంది. నా భార్య కంగారుగా “ఇవాళ ఆట వద్దులే మావా, తలనొప్పిగా ఉన్నాది” అంది. నేను వినలేదు. పందెం పందెమే అన్నాను. అత్త ఎదురుగా గెలిస్తే ఆ దర్జా వేరనుకున్నాను. మామూలుగా ఓడే దానికంటే త్వరగా ఓడిపోయి, లేచి, కత్తిపీట వేసుకుని కూర్చున్నాను.

“ఓలమ్మో, ఇదేటి? అల్లుడి సేత సేపలు తోమిస్తన్నావేటే?” అంది అత్త, గుండె మీద చెయ్యి వేసుకుని.

నా భార్య ముఖం తెల్లబోయింది. “ఆయనకి సరదా అమ్మా” అంది.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ ముఖం చూస్తే ఎందుకో కాదనబుద్ధి కాలేదు. “అవునత్తా, సరదా” అన్నాను.

అత్త కూతురి వంక చూసింది. తరవాత నా వంక, ఆ తరవాత నా చేతిలో చిత్రవధ అయిపోయిన చేప వంక చూసింది. కొంగు నడుముకి చెక్కి నా పక్కన కూర్చుంది.

“సరదా అయితే సరిగ్గా సెయ్యాల గదా బాబూ. నీ సెయ్యి ఒకేపాలి నాలుగు పనులు సేసేస్తంది. ఇయ్యాల పొలుసు తియ్యి, అంతే. కోత నాను కోస్తాను. తోక కాణ్ణించి తలకి లాగు. తలకాణ్ణించి లాగితే ఒక్క పొలుసూ రాదు. నెమ్మదిగా, నెమ్మదిగా! జోరు అదే వస్తాది.”

నేను లాగాను. చెయ్యి తెగుతుందేమోనని కత్తి వంకే చూస్తున్నాను.

“కత్తిని సూస్తావేటి? అదెక్కడికీ పోదు. సేపని సూడు.”

కాసేపటికి ఒక చేప తళతళలాడింది. గర్వంగా అందించాను. అత్త దాన్ని తిరగేసి నా ముందు పెట్టింది. అటువైపు పొలుసులన్నీ అలాగే ఉన్నాయి.

“మరి ఇటేపో? సేపకి రెండేపులుంటాయి బాబూ.”

ఆవిడ చేప సంగతే చెప్పింది. నాకు మాత్రం ముసలాయన నా నెత్తి మీంచి దూకడం కళ్ళకి కట్టింది. ఇన్ని వారాలూ వస్తాదు ఎడమ పక్క నిలబడి కుడివైపు కొట్టడమే సాధన చేశాను. శత్రువు దూకి ఇటు వచ్చేస్తే వేలు తిప్పాల్సిన తీరంతా తిరగబడుతుంది. దెబ్బ కాచుకోవాలంటే శత్రువుకి దూరంగా, వెనక్కి నొక్కి పట్టుకోవాలి. వెనకంటే ఏవైపో ముసలాయన దూకినప్పుడల్లా మారిపోయేది. నేను ఒకవైపే తోమిన చేపతో పద్నాలుగు వారాలు యుద్ధానికి వెళ్ళాను.

మర్నాటి నుంచి నా సాధన మారింది. ఇరవై నాలుగు దెబ్బల నోట్‌బుక్ అటక మీద పడేశాను. ఒక్క పైగుద్దు మాత్రం ఉంచుకున్నాను, పైనుంచి దూకేవాణ్ణి గాల్లోనే కొట్టేది. ఆటలో సాధన గది అని ఒకటుంది. అక్కడ ఎదుటి బొమ్మ తిరిగి కొట్టకుండా నిలబడి ఉంటుంది. దానికి మా సూపరింటెండెంటుగారి పోలికలున్నాయి, అందుకని రోజూ పొద్దున్నే లేవడం కష్టమనిపించలేదు. ఆఫీసుకి ముందు ఇరవై నిమిషాలు, అంతే. ఎడమ నుంచి వరసగా పది సార్లు తప్పు లేకుండా రావాలి. తొమ్మిదో దెబ్బ తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. తరవాత కుడి నుంచి పది. కోపం వస్తే మెషీను ఆపేసి పళ్ళు తోముకోవడమే.

ఇంకో సంగతి. ఆ ఆట మన పోరాటాలన్నిటినీ దాచిపెడుతుంది, కావాలంటే మళ్ళీ చూసుకోవచ్చు. నా ఓటములు మళ్ళీ చూడ్డానికి నాకు మనసొప్పలేదు. అయినా గుండె రాయి చేసుకుని చూశాను. ఇన్నాళ్ళూ నేను నా వస్తాదునే చూసుకుంటున్నాను. ఈసారి ముసలాయన్ని చూశాను. నేను వరసగా రెండు దెబ్బలు కాచుకుంటే చాలు, మూడోది తప్పకుండా దూకుడే! ప్రతిసారీ. ఆ తరవాత బుధవారం ఆడుతూ ఆవిడని కూడా గమనించాను. ఆవిడ ఆడుతున్నంతసేపూ బ్యాంకు కబుర్లు చెప్తూనే ఉంటుంది. దూకబోయే ముందు మాత్రం మాట ఆగుతుంది.

ఈలోగా అత్త ప్రతి బుధవారం సాయంత్రం బస్సుదాకా ఉండిపోవడం మొదలుపెట్టింది. నా చేతికి కోత కూడా వచ్చింది. కవళ్ళు, చందువలు, నెత్తళ్ళు, ఏది ఎలా పట్టుకోవాలో తెలిసింది. అక్కడితో ఆగితే బాగుండేది. వాళ్ళ ఊళ్ళో ఒక పెళ్ళికి వెళ్తే, పందిట్లో అరడజను మంది ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టారు.

“సేపలు తోమే అల్లుడు ఈయనేనేటి?”

“ఏది బాబూ, సెయ్యి సూపించు. అబ్బో, కోతలు పడిపోనాయి!”

అత్త పక్కన నిలబడి, “నాలుగు వారాల్లో నేర్సీసుకున్నాడు. బుర్ర సురుకు” అని నన్ను పొగుడుతోంది. మా ఊరి నుంచి వచ్చిన మా చిన్నాన్న ఇదంతా వింటూ లడ్డూ నమలడం మర్చిపోయాడు. ఆ పందిట్లోనే ఒట్టు పెట్టుకున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అత్త ఎదురుగా గెలవాలి. ఈ ఊరి ఆడపడుచు ఆ కత్తిపీట ముందు కూర్చోవాలి, నేను గుమ్మంలో నిలబడి ఇసక తగలకూడదని చెప్పాలి. ఆ తరవాత ఎన్ని చేపలైనా తోముతాను.

ఇరవయ్యో బుధవారం పండుగప్ప వచ్చింది. పెద్దది, పొలుసులు బఠాణీ గింజలంత ఉన్నాయి. అత్త పీట మీద కూర్చుని చూస్తోంది. మొదటి రౌండు పోయింది. రెండోది గెలిచాను. నా భార్య వంక చూస్తే నుదుటి మీద చెమట. మూడో రౌండులో ఇద్దరికీ ప్రాణం వేలెడంత మిగిలింది. ఆవిడ వాళ్ళ మేనేజరు సెలవు పెట్టిన కథ చెప్తోంది. నేను ఒక దెబ్బ కాచుకున్నాను. రెండోది కాచుకున్నాను. మేనేజరు కథ మధ్యలో ఆగింది.

ముసలాయన దూకాడు. నా నెత్తి దాటి అటువైపుకి వస్తున్నాడు. నా బొటనవేలు కుడి నుంచి ఎడమకి, రోజూ పొద్దున్న తిరిగినట్టే తిరిగింది. పైగుద్దు. గడ్డం పైకెగిరింది, ముసలాయన వెల్లకిలా పడ్డాడు. నేను వేసిన కేకకి పైనుంచి ఓనరుగారు “ఏమైందండీ?” అని అరిచారు. “ఏమీ లేదండీ, గెలిచాను!” అని కిందనుంచి అరిచాను.

అత్త గంప కడుక్కోవడానికి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. నా భార్య లేచి కత్తిపీట వేసుకుంది. నేను గుమ్మానికి చేరబడి చేతులు కట్టుకున్నాను. ఆవిడ పండుగప్పని తోక దగ్గర రెండు వేళ్ళతో ఎత్తింది. కత్తికి ఆనించి తల నుంచి తోకకి లాగింది. ఒక్క పొలుసూ రాలేదు. మళ్ళీ లాగింది, తల నుంచే. చేప జారి ఒళ్ళో పడింది.

“నాకు రాదు మావా” అంది నెమ్మదిగా. “ఆరో తరగతి నుంచీ హాస్టలే కదా. ఎప్పుడూ తోమలేదు. అమ్మకి ఫోన్‌లో మాత్రం, సందువ ఇలగ కోశాను, కవళ్ళు అలగ తోమానని సెప్తాను. గంపెత్తుకుని తిరిగే మనిసి కూతురికి సేప తోమడం రాదంటే ఊరంతా నవ్వుతారు. అమ్మ తల దించుకుంటాది. అమ్మకి సెప్పకు.”

కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అప్పుడర్థమైంది, ఇన్ని వారాలూ నేను సరదాకి ఆడాను, ఆవిడ ప్రాణం మీదికి వచ్చినట్టు ఆడింది. నన్ను పందొమ్మిది వారాలు వంటింట్లో కూర్చోబెట్టినందుకు కోపం రావాలి, నా స్వభావానికి అది సహజం కూడా. రాలేదు. చాలా జాలేసింది. పెరటి తలుపు చప్పుడైంది. ఆవిడ భుజం పట్టి లేవదీసి ఆ పీట మీద నేను కూర్చున్నాను.

“ఓడింది నేనేనత్తా. మూడో రౌండు చెల్లలేదు” అన్నాను.

ఆట మొత్తం అత్త కళ్ళారా చూసింది, పైగా నా కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. అత్త మా ఇద్దర్నీ చూసి, “సరే బాబూ. పొలుసు తియ్యి” అంది.

ఆ సాయంత్రం అత్తని బస్టాండుకి ఆటో ఎక్కించడానికి మెయిన్ రోడ్డుదాకా వెళ్ళాను. ఆటో కోసం నిలబడ్డాం. ఉన్నట్టుండి అత్త, “దానికి సేప తోమడం రాదని నాకు తెల్దేటి బాబూ? నేర్పనిది నానే గదా” అంది. “సెలవులకి ఇంటికొచ్చినా కత్తి ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. దాని సేతులు నా సేతుల్లా అవకూడదని. ఎవరో పనిమనిసి సేత తోమిస్తందనుకున్నాను. నువ్వని తెల్దు. తెలిసినాక, నీకైనా సరిగ్గా నేర్పాలని కూకున్నాను. నాకు తెలుసని దానికి సెప్పకు. సిగ్గుపడతాది.”

తల్లీకూతుళ్ళిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు నా నోటికి తాళం వేశారు. అక్కడి నుంచి నా సాధన మూడో రకానికి మారింది. బుధవారం తప్పకుండా ఓడాలి, పైగా ఆవిడ చిన్నబుచ్చుకోకుండా, కష్టపడి ఆడి ఓడినట్టు కనిపించాలి. గెలవడం కంటే ఇది చాలా కష్టం. ముసలాయన దూకగానే నా బొటనవేలు తనంతట తనే లేచేది. దాన్ని ఆపడం నేర్చుకోవడానికి మళ్ళీ పొద్దున్నే ఇరవై నిమిషాలు పట్టింది.

ఎనిమిది వారాలు గడిచాయి. ఒక మంగళవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నా భార్య తెర ముందు కూర్చుని మా పాత పోరాటాలు చూస్తోంది. ముసలాయన దూకుతున్నాడు, కింద వస్తాదు చేతులు వేలాడేసుకుని ఆకాశం చూస్తున్నాడు.

“ఇక్కడ కొట్టొచ్చు. కొట్టలేదు. ఇక్కడా కొట్టలేదు. ఏటి మావా ఇది?”

దొరికిపోయాను. అంతా చెప్పేశాను, అత్త ఆటో దగ్గర అన్న మాటతో సహా. ఆవిడ తెర ఆపేసింది. తరవాత “అమ్మకి తెలుసా?” అని ఒకసారి, కాసేపాగి “అమ్మకి తెలుసా!” అని ఒకసారి అంది.

మర్నాడు సాయంత్రం మెషీను పెట్టలేదు. అత్త ఫ్రిజ్‌లోంచి చేపలు తియ్యగానే నా భార్య వెళ్ళి కత్తిపీట ముందు కూర్చుంది. “అమ్మా, నాకు రాదు. నేర్పు” అంది. అత్త నా వంక ఒక్క చూపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చదువుకున్నాను.

“లెగు” అంది అత్త.

“నేర్సుకుంటానే అమ్మా.”

“నానుండగా నువ్వు ఈ పీట మీద కూకోవద్దు. నాకు ఆరేళ్ళప్పుడు మాయమ్మ కత్తి సేతికిచ్చినాది. ఆట ఎలగుంటాదో నాకు తెల్దు. నువ్వు ఆడతంటే సూడ్డానికే గదా నాను బస్సు మానుకుని కూకుంటన్నాను. ఎల్లి ఆడుకో.”

ముప్పై ఏళ్ళ బ్యాంకు ఆఫీసరు ముంజేత్తో కళ్ళు తుడుచుకుంటూ లేచి, తెర ముందు చాప మీద కూర్చుంది. ఆవిడ వెనకే వెళ్ళి రెండో కంట్రోలరు అందుకోబోయాను.

“నువ్వెక్కడికి బాబూ?” అంది అత్త వెనక నుంచి. “కూకో. కవళ్ళు శానా ఉన్నాయి.”

ముందు గదిలో ఆవిడ ఒక్కతే సాధన గదిలో బొమ్మని తన్నుతున్న చప్పుడు మొదలైంది. అత్త పీట జరుపుకుని, తలుపులోంచి తెర కనిపించేలా కూర్చుంది. నేను కత్తిపీట నా వైపు తిప్పుకున్నాను.